నలభై మూడు సీసాలు

మా కొడుకు ఇంగ్లాండులో బోల్టన్ అనే ఊళ్ళో ఉంటాడు. పోయిన ఏడు నేనూ మా ఇంటామే అక్కడికి పోయి నాలుగు నెలలు ఉండి వచ్చాం. వచ్చినంక మన వాడలో అందరూ అడిగారు, ఏమేం చూసి వచ్చినవని. లండన్ చూశాం, సముద్రం చూశాం. అవన్నీ చెప్పాను. చెప్పనిది ఒకటి ఉంది. అక్కడ నేను, మా కొడుకు కలిసి ఇంట్లో బీరు చేశాం.

చదివి నవ్వకండి, కోపం కూడా పడకండి. నేను తాగను. 1988 నుంచి చుక్క ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో కింద చెబుతాను. ముందు బీరు సంగతి చెప్పనివ్వండి, దాని వెనకే అసలు మాట వస్తది.

అక్కడ బీరు చేసుకునే సామాను డబ్బాలో పెట్టి దుకాణంలో అమ్ముతారు. మనకు గులాబ్ జామూన్ పొడి పొట్లం దొరికినట్టే. ఎవరైనా కొనవచ్చు. ఇంట్లో తాగడానికి చేసుకుంటే లైసెన్సు అక్కర్లేదు. పాతకాలంలో కావాలట, 1963లో తీసేశారు. అమ్మితే మాత్రం నేరమే. మా కొడుకు పుట్టినరోజుకు ఆఫీసులో జతగాళ్ళు ఆ డబ్బా ఇచ్చారు. ఆరు నెలలు అల్మారీలో అట్లనే పడి ఉంది. ఒక ఆదివారం దాన్ని బయటకు తీసి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"నాయినా, కొలతల పని నీకు తెలుసు గదా. జర తోడు ఉంటవా?"

మా ఇంటామె వంటింట్లో నుంచే అన్నది, "తాగుడు సామాను ఇంట్ల చేసుడేంది? నేను ఆ దిక్కు రాను." కోడలు ఏమీ అనలేదు. నేను కూడా వెంటనే జవాబు ఇయ్యలేదు. మా వాడు తాగుతాడని నాకు అంతకు ముందు తెలియదు. అడగాలంటే నోరు రాలేదు. సరే, దగ్గర ఉంటే చూడవచ్చు గదా అనుకొని లేచాను.

డబ్బా లోపల ఏముందంటే, ఒకటిన్నర కిలో నల్లటి పాకం. చూడడానికి మన కాకివి బెల్లం లాగా ఉంటది. దాన్ని మాల్ట్ అంటారు. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, ఉడుకు నీళ్ళలో కలిపి, ఆ తీపి నీళ్ళను చిక్కగా కాచిన పాకం. అందులో హాప్స్ అనే తీగ పువ్వుల చేదు ముందే కలిపి ఉంటది. పక్కన చిన్న పొట్లంలో ఈస్టు పొడి. ఇంకో కిలో చక్కెర మనం వేరే కొనాలి.

మాల్ట్ అన్న మాట వినగానే నాకు గిర్ణి గుర్తొచ్చింది. నేను పదహారేండ్లు మన షోలాపూర్‌లో గిర్ణిలో పని చేశాను, బ్లీచింగ్ ఖాతాలో. గిర్ణి మూతపడినంక టవల్ కార్ఖానాలలో రంగు పని చేశాను. మీకు తెలిసిందే, నేసే ముందు పడుగు దారానికి గంజి పెట్టాలి, లేకుంటే దారం తెగుతది. నేసినంక ఆ గంజి పోవాలి, లేకుంటే రంగు పట్టదు. ఉత్త నీళ్ళతో గంజి పోదు. దానికి ఒక మందు వేసి, గోరువెచ్చని కంటే ఎక్కువ వేడిలో గుడ్డను నానబెడతాం. మా జాబర్ చెప్పేవాడు, మా ముందటి కాలంలో ఆ మందు మాల్టే అని. మొలకెత్తిన గింజలో ఒక గుణం ఉంటది, అది పిండిని చక్కెరగా మారుస్తది. గుడ్డ మీద గంజి చక్కెరై నీళ్ళలో కరిగి పోతది. బీరు చేసేవాళ్ళకూ అదే గుణం కావాలి. మేము ఆ తీపి నీళ్ళను మోరీలో పారబోసినాం, వాళ్ళు దాచుకుంటారు. తేడా అంతే.

పని మొదలు కడుగుడుతో. బకెట్టు, మూత, గరిటె, గొట్టం, అన్నీ మందు నీళ్ళతో కడగాలి. మురికి చేరితే ఈస్టుకు బదులు వేరే పురుగు పెరిగి మొత్తం పుల్లబడుతది. తర్వాత పాకం డబ్బాను వేడి నీళ్ళలో పది నిమిషాలు నిలబెడితే పాకం పలచబడి సులువుగా కారుతది. పాకం, చక్కెర బకెట్టులో పోసి, మూడున్నర లీటర్ల మరిగే నీళ్ళు పోసి, అంతా కరిగేదాకా కలపాలి. తర్వాత చల్లనీళ్ళు పోసి 23 లీటర్లకు తేవాలి. వేడి 20 డిగ్రీల దగ్గరకు వచ్చినంకనే ఈస్టు చల్లాలి. కాగే నీళ్ళలో చల్లితే అది చచ్చిపోతది.

ఈస్టు వేసే ముందు మా వాడు ఒక గాజు గొట్టం తీశాడు. కింద బరువు, పైన సన్నటి కాడ, కాడ మీద అంకెలు. "ఇది ఎట్ల చూడాలె నాయినా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. మా ఖాతాలో దీన్ని ట్వాడెల్ అనేవాళ్ళం. కాస్టిక్ ఎంత చిక్కగా ఉందో రోజూ దీనితోనే చూసేది. అంకెలు మాత్రం వేరు. వాళ్ళది 1.040 అంటే మాది 8 ట్వాడెల్. నీళ్ళు ఊగకుండా చూసి, గొట్టం గోడకు తగలకుండా వదిలి, కన్ను నీటి మట్టానికి దించి చదవాలని చూపించాను. ముప్పై ఆరేండ్ల కొడుకు నా పక్కన వంగి చదివాడు. ఇన్నేండ్లలో నా పని ఏమిటో వాడు చూసింది అదే మొదటిసారి. గిర్ణి మూతపడేనాటికి వాడు ఇంకా చిన్న పిలగాడు.

అంకె నోటు బుక్కులో రాయించాను. తారీకు, వేడి, అంకె. ఖాతాలో అట్లనే రాసేవాళ్ళం.

మూత పెట్టి, పైన నీళ్ళ బుడ్డి బిగించాం. లోపల పుట్టే గాలి ఆ నీళ్ళలో నుంచి బుడగలుగా బయటకు పోతది, బయటి గాలి లోపలికి రాదు. మర్నాటి పొద్దుటికి బుడగలు మొదలైనయి. బుడుక్, బుడుక్ అని ఆగి ఆగి చప్పుడు. మూడో రోజు రాత్రి చలి పెరిగి బుడగలు నిదానించినయి. వేడి 15 డిగ్రీలకు దిగింది. మేమిద్దరం బకెట్టు ముందు కూర్చొని చూస్తున్నాం. అప్పుడు మా ఇంటామె లేచి, కోడలికి కానుకగా తెచ్చిన మన షోలాపూర్ చద్దరు తీసుకొని వచ్చింది. బకెట్టు చుట్టూ రెండు మడతలు చుట్టి ముడి వేసింది.

"పులియాలంటే ఎచ్చగ ఉండాలె. ఇడ్లీ పిండి ఎన్నడు చూడలేదా మీరు?" అన్నది. ఆ దిక్కు రానని అన్నది ఆమెనే. తెల్లారేసరికి వేడి 19 ఉంది, బుడగలు మళ్ళీ వచ్చినయి.

ఆ రాత్రి నుంచి రోజూ భోజనాలైనంక మేము బకెట్టు పక్కన కూర్చునేవాళ్ళం. చేసే పని ఏమీ లేదు, చూడడమే. ఒకనాడు మా వాడు అడిగాడు, "నాయినా, నువ్వు ఎందుకు తాగవు?"

అప్పుడు చెప్పాను. వాడి పెద్దనాయిన గురించి.

మా అన్న నాకంటే ఆరేండ్లు పెద్ద. మా నాయిన పోయినంక పదిహేడేండ్లకే ముంబై పోయి గిర్ణిలో చేరాడు. వర్లీలో ఒక ఖోలీలో పన్నెండు మందితో ఉండేవాడు, పాళీల లెక్కన ఒకరు లేస్తే ఒకరు పడుకునేవాళ్ళు. నెలనెలా మనియార్డరు పంపేవాడు. మా అమ్మ, మా చెల్లె, నేను దానితోనే తిన్నాం. నా మొదటి చెప్పులు అన్న కొన్నవే. అప్పటికి అన్న తాగేవాడు కాదు.

1982 జనవరి 18న ముంబై గిర్ణీల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఎట్ల అయిందో మీ ఇళ్ళలో కూడా తెలుసు. ఏడాది దాటినా తెగలేదు. అన్నను మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఒక రేకు పెట్టెతో ఇంటికి వచ్చాడు. భోంగా మోగినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేవాడు, పోవడానికి చోటు లేదు. కొన్నాళ్ళు పవర్‌లూమ్ మీద బదిలీ పని దొరికింది. మొదట జతగాళ్ళతో దేశీ దుకాణానికి పోయేవాడు. పైసలు తక్కువైతే హాత్‌భట్టి. వదిన రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. ఆ కూలి చేతికి వచ్చేదాకా అన్న కార్ఖానా గేటు దగ్గర నిలబడేవాడు.

1988లో, మా కొడుకు పుట్టిన మూడు నెలలకు, అన్న నెత్తురు కక్కుకొని పోయాడు. కాలేయం చెడిందని డాక్టరు చెప్పాడు. వదిన మాత్రం అందరికీ కామెర్లని చెప్పమన్నది. ఇద్దరు ఆడపిల్లలు, రేపు పెండ్లిళ్ళు కావాలి. తాగి చచ్చినోని బిడ్డలంటే ఎవరు చేసుకుంటారు? అందుకే ఇంట్లో అందరమూ కామెర్లనే అన్నాం. మా కొడుకు కూడా అదే విని పెరిగాడు. ఆ శవం ముందరనే నేను తాగనని ఒట్టు పెట్టుకున్నాను. అంతకు ముందు పండగకు కల్లు తాగేవాణ్ణి.

మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "పెద్దనాయిన మంచోడేనా?"

"మంచోడు. నాకంటే మంచోడు" అన్నాను.

ఇంకొంచెంసేపు ఆగి వాడే చెప్పాడు. శుక్రవారం, శనివారం తాగుతానని, ఒక్కోసారి లెక్క తప్పుతదని, మేము వచ్చినంక సీసాలు కారులో దాచుతున్నానని. నేను తిట్టలేదు. తిట్టడం నాకు వచ్చు, మా అన్నను ఆరేండ్లు తిట్టాను, ఇంట్లో అందరమూ తిట్టాం. తిట్ల వల్ల ఆయన ఒక్కరోజు కూడా మానలేదు. ఈసారి నోటు బుక్కు తెరిచి లెక్క చేద్దామన్నాను.

లెక్క ఇట్ల ఉంటది. మొదటి అంకె 1.040. పదో రోజుకు 1.010కి దిగింది, అంటే మా లెక్కలో 8 ట్వాడెల్ నుంచి 2 ట్వాడెల్‌కు. చక్కెర తగ్గిన కొద్దీ నీళ్ళు పలచబడుతయి, ఆ చక్కెరే మత్తుగా మారుతది. రెండు అంకెల తేడాను 131తో గుణిస్తే నూటికి నాలుగు వంతులు వస్తది. అర లీటరు సీసాలో నూటికి నాలుగు అంటే 20 మిల్లీలీటర్ల అసలు మత్తు. అక్కడి డాక్టర్లు 10 మిల్లీలీటర్లను ఒక యూనిట్ అంటారు. వారానికి 14 యూనిట్లు దాటవద్దని, అది కూడా ఒకేసారి తాగవద్దని చెబుతారు. అంటే ఇట్లాంటి సీసాలు వారానికి ఏడు. మా వాడు శుక్ర, శనివారాల్లోనే ఎన్ని తాగుతున్నాడో తనే వేలు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పైకి చెప్పలేదు. నేనూ అడగలేదు.

మూడు రోజులు వరసగా 1.010 మీదనే నిలిచినంక సీసాలలో పోశాం. అంకె ఇంకా దిగుతుండగానే పోస్తే లోపల గాలి ఎక్కువై గాజు సీసా పేలుతది. మావి ప్లాస్టిక్‌వి. ఒక్కోదాంట్లో అర చెంచా చక్కెర వేయాలి, దానితోనే పొంగు వస్తది. అడుగు మడ్డి వదిలేయగా 43 సీసాలు అయినయి. మూడు రోజులు వెచ్చగా, తర్వాత రెండు వారాలు చల్లగా పెట్టాలి. సీసా నొక్కితే రాయి లాగా గట్టిగా ఉంటే గాలి పుట్టినట్టు. ఒక్కొక్క మూత మీద మా వాడు నంబరు రాశాడు, 1 నుంచి 43 దాకా. నేను రాయమనలేదు.

మొదటి సీసా తెరిచిన రోజు పక్కింటి ముసలాయనను పిలిచాడు. ఆయనకు ఎనభై దాటినయి, చిన్నప్పుడు నూలు గిర్ణిలో పనిచేశాడట. ఓల్డం ఊరి ప్లాట్ బ్రదర్స్ యంత్రాలు మా గిర్ణిలో కూడా ఉండేవని చెబితే ఆయన ముఖం వెలిగింది. ఓల్డం అక్కడికి దగ్గరే. బీరు బాగుందన్నాడు. నేను రుచి చూడలేదు కనుక ఆయన మాటే రాస్తున్నాను. నేను తాగనని తెలిసి, అయితే నీవు ప్రెస్టన్ వాళ్ళ మనిషివి అన్నాడు. మా కొడుకు అడిగి తెలుగులో చెప్పాడు.

ప్రెస్టన్ కూడా అక్కడికి దగ్గరలో గిర్ణీల ఊరే. పాతకాలంలో అక్కడి జనం జిన్ అనే ఘాటు సారాకు అలవాటు పడి చెడిపోతున్నారని, దాని కంటే బీరు నయమని, 1830లో సర్కారు ఒక చట్టం చేసింది. రెండు గినీలు కట్టి, ఇంటి పన్ను కట్టేవాడు ఎవడైనా ఇంట్లోనే బీరు దుకాణం పెట్టుకోవచ్చు. వీధి వీధికీ దుకాణాలు వచ్చినయి. రెండేండ్లకు, 1832లో, ప్రెస్టన్‌లో ఏడుగురు మనుషులు బీరు కూడా ముట్టమని కాగితం మీద సంతకం పెట్టారు. వాళ్ళలో ముఖ్యుడు జోసెఫ్ లివ్‌సీ. చిన్నప్పుడు నేలమాళిగలో మగ్గం నేసినవాడు. అంటే మన కులవృత్తి మనిషే. అక్కడి నుంచే ఆ ఉద్యమం దేశమంతా పాకింది.

నేను ఆయనకు నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి చెప్పించాను. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని, అది రాష్ట్రమంతా అంటుకొని 1993లో సారా నిషేధం వచ్చిందని. ముసలాయన సీసా కింద పెట్టి, మా ఇంటామె దిక్కు చూసి తల ఊపాడు. ఎక్కడి బోల్టన్, ఎక్కడి షోలాపూర్! గిర్ణి ఉన్న చోటల్లా ఈ బాధ ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి మన ఊళ్ళో ఎవరూ బకెట్టు పెట్టకండి. మహారాష్ట్రలో 1949 నాటి మద్యనిషేధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేస్తే నేరం. హాత్‌భట్టి సంగతి అంతకంటే ఘోరం. అందులో మిథనాల్ కలిస్తే కండ్లు పోతయి, ప్రాణం పోతది. 2015లో ముంబై మాల్వణిలో అట్లనే వంద మందికి పైగా చనిపోయారు. అందరూ మనలాంటి కూలి జనమే.

మేము తిరిగి వచ్చేనాటికి 36 సీసాలు మిగిలినయి. ఇప్పుడు వారం వారం ఫోనులో మా వాడు తనే అంకె చెబుతాడు. "నాయినా, 31." ఒక నెల "31" అనే వరసగా నాలుగుసార్లు చెప్పాడు. బయట తాగుతున్నాడో ఏమో అని మా ఇంటామె అనుమానం. ఉండవచ్చు. కానీ దాచే కాలం కంటే చెప్పే కాలం నాకు నయంగా ఉంది. ఫోను పెట్టినంక ఆమె నోటు బుక్కులో అంకె రాస్తది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. బీడీల లెక్క రాసిన చెయ్యి.

ఈ వ్యాసం పంపే ముందు వదిన దగ్గరికి పోయాను. ఆమెకు ఇప్పుడు డెబ్బై దగ్గరకు వచ్చినయి. ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. అన్న గేటు దగ్గర నిలబడిన మాట దగ్గర ఆగమన్నది. తీసేయమంటదేమో అనుకున్నాను.

"వెయ్యి కాదు మరిదీ, పన్నెండు వందలు చుట్టిన రోజులు గూడ ఉన్నయ్. అది గూడ రాయి" అన్నది. "బిడ్డల పెండ్లిళ్ళయినయ్, మనుమలు వచ్చిండ్రు. ఇప్పుడు ఎవరి పెండ్లి ఆగుతది? ఆ మనుమలకే తెల్వాలె."

అందుకే రాశాను. మన ఇళ్ళలో తాగుడు గురించి కొట్లాట ఉంటది, ఏడుపు ఉంటది, కూర్చొని మాట్లాడుకునుడు మాత్రం ఉండదు. పోయినవాళ్ళు కామెర్లతో పోయినట్టు, గుండెనొప్పితో పోయినట్టు చెప్పుకుంటాం. పిల్లలకు నిజం ఎవరు చెబుతారు? పగారు రోజు సాయంత్రం మీ కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని మీ అన్న సంగతి, మీ నాయిన సంగతి చెప్పండి. వాళ్ళ మంచి కూడా చెప్పండి. వాడు తిరిగి ఏమన్నా చెబితే తిట్టకుండా వినండి. దానికి బకెట్టు అవసరం లేదు.